ఇరవై ఆరు నాగళ్ళు
(‘అసలుతో సరి’ సీరియల్, పదకొండో వారం)

కిందటి వారం మనం శేషమ్మను వంటింటి బల్ల దగ్గర వదిలేశాం. ఇషిత తెచ్చిచ్చిన పాత కాగితాల ఫొటోలు ముందేసుకుని, చేత్తో భూతద్దం పట్టుకుని కూర్చుంది. గొలుసుకట్టు రాతలో ఉన్న అర్జీని మూడు పూటల్లో చదివి పడేసిన మనిషి, సంతకాల పేజీ దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసేసి, ఆ పేజీని బల్ల మీద బోర్లించి, లేచి వెళ్ళి పప్పుకు పోపు పెట్టుకుంది. ఆ పేజీలో ఏం కనబడిందో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన ఇషితకు అసలే చెప్పలేదు.

అప్పటికీ ఇప్పటికీ ఆరు రోజులు.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు. శేషమ్మ రాజమండ్రి రిజిస్ట్రారాఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు నకళ్ళు రాసిన మనిషి. అసలు దస్తావేజు ఎదురుగా పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా దించడం, కింద ‘అసలుతో సరిచూచితిని’ అని సంతకం పెట్టడం, అదీ ఆవిడ ఉద్యోగం. కూతురు శ్రీవిద్య పిలిస్తే వర్జీనియా వచ్చింది. కూతురింట్లో రోజంతా టీవీకి కాపలా కాయలేక, షాంటిలీలో ఇండియన్ గ్రోసరీలో స్వీట్ల కౌంటర్ దగ్గర పనికి కుదిరి, దగ్గర్లోనే ఓ చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుంది. ఇషిత ఆ కౌంటర్ దగ్గరే దొరికింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. చరిత్రలో డాక్టరేట్ చేస్తోంది. మైసూర్‌పాక్ తూయించుకుంటూ, గొలుసుకట్టు చదివేవాళ్ళు ఎవరైనా తెలుసా అని ఊరికే అడిగింది. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసుకుపోయే ఆ పాత రాతను చదివేవాళ్ళు ఈ రోజుల్లో ఇండియాలోనే కరువు. శేషమ్మ నెయ్యి చేతులు కడుక్కుని వచ్చి, ఆ పిల్ల ఫోన్‌లో ఉన్న పేజీని గడగడా చదివి వినిపించింది. వెనకాల లైన్లో ఉన్న ఆరుగురూ జిలేబీ కోసం వేచి చూశారు పాపం.

ఇషిత చదువంతా నల్లమందు మీద. 1878లో తెల్లదొరలు నల్లమందు చట్టం తెచ్చారు. అంతకు ముందు గోదావరి మన్యం అంచు ఊళ్ళలో ఆ సరుకు సంతలో బెల్లం దొరికినట్టు దొరికేది. జ్వరానికి వేసుకునేవారు, విరేచనాలకు వేసుకునేవారు, ఏడ్చే పసిపిల్ల నిద్రపోవాలని గోటి కొసన ఆవగింజంత నాకించేవారు. ఏ కారణమూ లేకుండా వేసుకునేవాళ్ళకూ కొదవ లేదు. చట్టం వచ్చాక సరుకు బయటి నుంచి తేవాలంటే పాసు ఉండాలి, అమ్మాలంటే లైసెన్సు ఉండాలి, ఇంట్లో ఉంచుకోవడానికీ ఒక కొలత. కొలత దాటితే జైలు. అలాంటి రోజుల్లో, 1884లో, వెదురుగొంది అనే ఊళ్ళో ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు తమ ఊరి నల్లమందు దుకాణం మూయించమని కలెక్టరుకు అర్జీ పెట్టారట. ఫైల్లో ఉన్న ఇంగ్లీషు సారాంశం అలా చెబుతోంది. ఇషిత అయిదేళ్ళ కష్టం ఆ అర్జీ మీదే నిలబడింది. థీసిస్‌కు ‘తల్లులు అడిగిన చట్టం’ అని పేరు పెట్టుకుంది.

గురువారం డిఫెన్స్. ప్రొఫెసర్ల ముందు నిలబడి నెగ్గితే డాక్టరేట్ చేతికొస్తుంది, ఆగస్టులో ఇల్లినాయ్ వెళ్ళి అరోరాలో ఓ కాలేజీలో చేరుతుంది. మధ్యలో ఒకే ఒక్క మెలిక. కమిటీలో ఒక పెద్దమనిషి, తెలుగు కాగితాల అనువాదాన్ని తెలుగు చదవగల మనిషి చేత అసలుతో సరిచూపించి సంతకం తెమ్మన్నాడు. ఆ మనిషి శేషమ్మ.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం. ఇషిత కారు దిగి, తుమ్ముకుంటూ పైకి వచ్చింది. ఏప్రిల్ నెల కదా, కార్ల మీదా మెట్ల మీదా పసుపు చల్లినట్టు పుప్పొడి. లోపలికి రాగానే చెప్పులు విప్పి, ముక్కు తుడుచుకుని, సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

“ఆంటీ, జస్ట్ ఇక్కడ సైన్ చేయండి. తర్వాత నేను చాలా తింటా. ఐ యామ్ స్టార్వింగ్.”

“ముందు తిను. కాగితం ఎక్కడికీ పోదు.”

దోసకాయ పప్పు, వడియాలు, నెయ్యి. ఇషిత తింటూనే ఉంది, మాట్లాడుతూనే ఉంది. అరోరాలో అపార్ట్‌మెంట్ చూసుకుందట. గుడి దగ్గరేనట. అమ్మ అప్పుడే ఊరందరికీ చెప్పేసిందట, ‘మా ప్రొఫెసరమ్మ’ అంటోందట. శేషమ్మ వడ్డిస్తోంది గానీ ఒక్క మాటకూ సరిగ్గా జవాబివ్వడం లేదు. మింగలేక కక్కలేక ఆరు రోజులు గడిపిన మనిషి, ఇంకో అరగంట గడపడానికి అన్నం వడ్డిస్తోంది. ఆలస్యం అమృతం విషం అంటారు. ఆవిడకు ఆ సామెత తెలియక కాదు, ధైర్యం చాలక.

ప్లేటు కడిగి వచ్చాక ఇషిత పెన్ను తీసింది. శేషమ్మ ఆ ఫారం పక్కకు జరిపి, ఆరు రోజులుగా బోర్లా పడి ఉన్న పేజీని తిరగేసి పిల్ల ముందు పెట్టింది.

“ఇవి ఏంటమ్మా?”

ఇషిత మొహం వెలిగింది. “ఓ, ఇది నా ఫేవరెట్ పేజ్. నాగలి. ట్వంటీ సిక్స్ నాగలి. చూడండి ఆంటీ, ఈ లేడీస్‌కి రాయడం రాదు కదా, సో పేరు పక్కన నాగలి డ్రా చేశారు. అంటే వాళ్ళు ఏం చెప్తున్నారు, మేము ఓన్లీ భార్యలు కాదు, ఓన్లీ తల్లులు కాదు, మేము రైతులు అని. నా థర్డ్ చాప్టర్ మొత్తం ఇదే. దానికే కదా ప్రైజ్ వచ్చింది.”

శేషమ్మకు ఆ ప్రైజ్ సంగతి తెలుసు. ఫిబ్రవరిలో అది ఇచ్చిన తెలుగు ఆడవాళ్ళ సభలో ఈ పిల్ల వచ్చీరాని తెలుగులో ఆ ఇరవై ఆరుగురి గురించి మాట్లాడితే హాలంతా లేచి నిలబడింది. అప్పటికి పేజీ చూడకుండానే శేషమ్మ కూడా కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఇప్పుడు గుర్తొచ్చి ఆవిడకు సిగ్గేసింది. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఇలా నా పక్కన కూర్చో. సంతకం రానివాళ్ళు కాగితం మీద నిశాని వేస్తారు. నిశాని అంటే గుర్తు. వేలిముద్రలు రాకముందు అదే సంతకం. రైతయితే నాగలి, కల్లు గీసేవాడైతే కత్తి, కంసాలైతే త్రాసు. ఎవరి పని వాళ్ళ గుర్తు. నేను అట్లాంటివి వేలు చూశాను.”

“అదే కదా నేను రాశాను.”

“ఆడవాళ్ళ సంగతి రాయలేదు. నేను చూసిన పాత కాగితాల్లో ఆడవాళ్ళు గాజు వేసేవారు. ఇట్లా గుండ్రంగా ఒక చుట్ట. పది ఎకరాల ఆసామీ పెళ్ళామైనా గాజే, కూలికెళ్ళే మనిషైనా గాజే. మా వైపు ఆడది నాగలి ముట్టుకుంటే వానలు పడవనేవారమ్మా. ముట్టుకోనివ్వని దాన్ని తెచ్చి సర్కారు కాగితం మీద ఎందుకు గీస్తుంది?”

ఇషిత నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. “మేబీ ఆ ఊరిలో డిఫరెంట్ కస్టమ్ ఉందేమో.”

“ఒక్కావిడ వేస్తే నేనూ అట్లాగే అనుకుందును. ఇరవై ఆరుగురూనా? సరే, ఈ భూతద్దం పట్టుకుని చూడు. నాగలికి పట్టుకునే పిడి ఉంటుంది చూశావా, మేడి అంటాం. ప్రతి బొమ్మలోనూ మేడి కుడివైపుకే ఒరిగింది. ప్రతి బొమ్మా కింద నుంచి పైకే మొదలైంది. ఇది ఒక్క చెయ్యి. రోజూ రైతుల కాగితాలు రాసి, పక్కన వాళ్ళ గుర్తులు గీసి గీసి అలవాటైపోయిన చెయ్యి. ఊరి కరణం చెయ్యి. ఆడవాళ్ళ పేర్లు వరసగా రాసుకుపోయాడు, అలవాటు కొద్దీ నాగళ్ళు గీసుకుపోయాడు. గాజులు గియ్యాలని తట్టలేదు మహానుభావుడికి.”

డల్లెస్ ఎయిర్‌పోర్టు వైపు దిగుతున్న విమానం చప్పుడు కిటికీ అద్దాన్ని కదిలించి పోయింది. ఇషిత భూతద్దం ఒక్కో నాగలి మీదా ఆపుతూ ఇరవై ఆరో దాని దాకా వెళ్ళింది. మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చింది.

“అంటే ఆ లేడీస్ ఈ పిటిషన్ ఇవ్వలేదు.”

“ఇవ్వలేదు.”

“మరి ఎవరు? ఎందుకు?”

“నాకేం తెలుసు. పక్క ఊళ్ళో ఇంకొకడికి లైసెన్సు ఉందని నువ్వే కదా రాశావు. ఈ ఊరి దుకాణం మూస్తే జనం నల్లమందుకు ఎక్కడికి పోతారు?”

ఇషితకు ఆ పక్క ఊరి లైసెన్సుదారు బాగానే తెలుసు. వెదురుగొంది దుకాణం మూసిన మరుసటి ఏడాదే అతను మేడ కట్టాడని తనే ఎక్కడో ఫుట్‌నోట్‌లో రాసింది. అప్పుడు అదొక సరదా సంగతి అనుకుంది.

“మీకు ఎప్పుడు తెలిసింది ఆంటీ?”

“సోమవారం.”

“ఈ రోజు సండే.”

“అవును.”

“సిక్స్ డేస్. సిక్స్ డేస్ మీ దగ్గర ఉంచుకున్నారు.” ఇషిత భూతద్దం బల్ల మీద పెట్టేసింది. “సోమవారం చెప్తే నాకు టైమ్ ఉండేది. ఇప్పుడు ఏం చేయాలి నేను?”

“తప్పు నాదే. ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. నువ్వొచ్చాక చెబుదామనుకున్నాను. నిజం చెప్పాలంటే భయమేసింది తల్లీ. నీకు ఇంక నా మొహం చూడాలనిపించదేమోనని భయమేసింది.”

అది విని ఇషిత తల దించుకుంది. ఎంతో కొంత కరుగుతుందని శేషమ్మ ఆశపడింది. పిల్ల తల ఎత్తేసరికి కళ్ళలో వేరే ఆలోచన ఉంది. ఫారం దగ్గరికి లాక్కుని వేలు పెట్టి చూపించింది.

“ఇక్కడ చూడండి. ఇది ఓన్లీ ట్రాన్స్‌లేషన్ గురించి. నేను రాసిన ఇంగ్లీష్, ఆ తెలుగు, రెండూ సేమ్ అని. మీరు వర్డ్స్ అన్నీ చెక్ చేశారు. వర్డ్స్ కరెక్టే కదా?”

“మాటలు కరెక్టే.”

“మరి? బొమ్మల గురించి ఎవరూ అడగలేదు. ఆ రూమ్‌లో ఎవరికీ ఇది చదవడం రాదు ఆంటీ. ఎవరికీ గాజు తెలియదు, నాగలి తెలియదు. మీకు తెలుసు, నాకు తెలుసు. అంతే. మీరు అబద్ధం చెప్పక్కర్లేదు. జస్ట్ సైన్ చేయండి. డిగ్రీ వచ్చాక, ఐ ప్రామిస్, నేనే కరెక్షన్ రాస్తా.”

పిల్ల ఉత్త అమాయకురాలు అనుకునేరు, తర్కం బాగానే వచ్చు. శేషమ్మ మనసు కూడా ఒక్క క్షణం అటే మొగ్గింది. సంతకం పెడితే ఏం పోతుంది? నూట నలభై ఏళ్ళ కిందటి ఆడవాళ్ళు లేచొచ్చి నిలదీస్తారా? ఎదురుగా ఉన్నది బతికున్న పిల్ల. అయిదేళ్ళు నిద్ర మానుకుని చదివిన పిల్ల. పండక్కి కొత్త బట్టలు కొనుక్కోవడం మర్చిపోయి, ఆర్కైవ్స్ దుమ్ములో దగ్గుకుంటూ కూర్చున్న పిల్ల. తన సొంత మనవరాలు ఫోన్‌లోంచి తల ఎత్తదు, ఈ పిల్ల మాత్రం వారం వారం వచ్చి ‘ఈ అక్షరం ఏంటి ఆంటీ’ అని ఒళ్ళోకి వంగుతుంది. శేషమ్మ చెయ్యి పెన్ను దాకా వెళ్ళింది.

వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చేసింది.

“నకలంటే మాటలొక్కటే కాదమ్మా. అసలులో కొట్టివేత ఉంటే నకల్లో కొట్టివేత ఉందని రాయాలి. చిరుగుంటే చిరుగుందని రాయాలి. గుర్తుంటే ఏ గుర్తో రాయాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు అట్లాగే రాశాను. డిగ్రీలు గిగ్రీలు నాకు లేవు. నాకొచ్చిన చదువు అదొక్కటే. నువ్వడిగినా నేను దాన్ని పాడు చేసుకోలేను.”

ఇషిత ఏడ్చింది. గట్టిగా కాదు, బల్ల మీద తల పెట్టుకుని, వెక్కకుండా ఏడ్చింది. అమ్మకి ఏం చెప్పాలి అంది. అరోరా వాళ్ళకి ఏం చెప్పాలి అంది. ఇంకో ఏడాది ఆగమంటే వాళ్ళు ఆగరు, వేరేవాళ్ళని తీసుకుంటారు అంది. శేషమ్మ పక్కన కూర్చుని వీపు రాస్తూ ఉండిపోయింది. తనకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కాస్త తెరిపిన పడ్డాక, రిజిస్ట్రారాఫీసు బుద్ధి ఊరుకోనిచ్చిందా, అడిగింది. “ఈ అర్జీ వెనకాల ఇంకేం కాగితాలు లేవా? ఏ సర్కారైనా అర్జీ అందగానే దుకాణం మూసేస్తుందా? విచారణకు తాసీల్దారును పంపదూ?”

ఇషిత మొహం తుడుచుకుంది. “నైన్ పేజెస్ ఉన్నాయి. తెలుగు. వాటికి ఇంగ్లీష్ సమ్మరీ లేదు. సో నేను స్కిప్ చేశా. రొటీన్ అనుకున్నా.”

పాపం ఆ పిల్లను అనడానికేం లేదు. ఇంగ్లీషులో లేనిది జరగలేదనుకున్నవాళ్ళు ఆ కాలంలో పెద్ద పెద్ద ఆఫీసుల్లోనే ఉన్నారు. ఆ తొమ్మిది పేజీలూ ఎవరూ అనువదించలేదు కాబట్టే అర్జీ గెలిచింది.

ఇషిత ఫోన్‌లో ఆ ఫొటోలు వెతికి తీసి బల్ల మీద పెట్టింది. శేషమ్మ కళ్ళజోడు సర్దుకుని, మూడో పేజీ దగ్గర ఆగింది. మొదట పెదవులతోనే చదువుకుంది. తర్వాత పైకి చదివింది.

“వెదురుగొంది కాపురస్తురాలు, కూలి వెంకన్న భార్య సింగమ్మ, వయస్సు సుమారు ముప్పది సంవత్సరములు, తాసీల్దారు వారి యెదుట చెప్పినదేమనగా. నేను ఏ అర్జీ మీదను గురుతు వేయలేదు. నా పేరిట వేసిన గురుతు నాది కాదు. నన్నెవ్వరును అడుగలేదు. దుకాణము మూయవలెనా అని ఇప్పుడు తాము అడిగినారు. మూసిన యెడల, జ్వరము వచ్చిన నా బిడ్డకు మందు కొరకు పై ఊరికి నడువవలెను. తెరచియుండిన యెడల నా మగడు ఇంటికి రాడు. ఏది చేసినను మాకు నష్టమే. అయినను మమ్ములను అడిగి చేయవలెను. ఇది నా గురుతు.”

చివర్న ఒక చుట్ట ఉంది. సరిగ్గా గుండ్రంగా కూడా లేదు. మొదలుపెట్టిన చోటికి తిరిగి రాలేక, కొంచెం పక్కగా వచ్చి కలిసింది. అలవాటు లేని చెయ్యి, కలాన్ని గట్టిగా నొక్కి పట్టుకున్న చెయ్యి.

“గాజు,” అంది ఇషిత మెల్లిగా.

“గాజే.”

ఆ పిల్ల ఫోన్ స్క్రీన్ మీద ఆ చుట్టను వేలితో చాలాసేపు పెద్దది చేస్తూ చిన్నది చేస్తూ ఉండిపోయింది. “షీ ఈజ్ రియల్,” అంది. “ఆంటీ, నేను ఫైవ్ ఇయర్స్ ఈమె గురించి రాశాను. ఈమె ఏం అన్నదో ఇప్పుడు విన్నా.”

“ఇది రాయమ్మా. ఆర్నెల్లు పట్టనీ, ఏడాది పట్టనీ. నేను ప్రతి అక్షరం నీకు చదివి పెడతాను. ప్రతి పేజీ కిందా సంతకం పెడతాను.”

ఇషిత తల ఊపింది. ఊపింది కదా అని శేషమ్మ గుండెల మీంచి ఆరు రోజుల బరువు దిగిపోయింది. టీ పెడదామని లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళింది. అల్లం దంచుతుండగా బల్ల మీద ఫోన్ మోగింది. ఇషిత అడ్వైజర్, థీసిస్ దగ్గరుండి రాయించే ప్రొఫెసరమ్మ. స్క్రీన్ మీద సింగమ్మ పేజీ తెరిచి ఉండగానే పిల్ల స్పీకర్ నొక్కింది.

కౌంటర్ దగ్గర మూడేళ్ళు నిలబడిన శేషమ్మకు ఆపాటి ఇంగ్లీషు అర్థమవుతుంది. ఆ ప్రొఫెసరమ్మ గొంతు మంచిది, ప్రేమగానే ఉంది. గురువారం గది ఖాయమైందట. కాగితాలన్నీ ఈ సాయంత్రంలోగా ఆఫీసుకు పంపేయాలట. ఒక్కటే మిగిలిందట, అనువాదం సరిచూసినావిడ సంతకం. అది వచ్చిందా అని అడిగింది.

శేషమ్మ అల్లం దంచడం ఆపి వెనక్కి తిరిగింది. పిల్ల కళ్ళు స్క్రీన్ మీద ఉన్న గాజు మీద ఉన్నాయి. చెప్తుంది, ఇప్పుడే చెప్తుంది, అనుకుంది శేషమ్మ. అరోరా, అమ్మ, ఆగస్టు, అన్నీ ఆ పిల్ల మొహం మీద కనబడుతూనే ఉన్నాయి.

“ఇషిత? ఆర్ యూ దేర్?”

“యెస్,” అంది ఇషిత. శేషమ్మ వైపు చూడలేదు. “యెస్. షీ సైన్డ్ ఇట్.”

అవతల ప్రొఫెసరమ్మ సంతోషపడింది. రికార్డు కోసం ఆవిడ పూర్తి పేరు స్పెల్లింగ్ చెప్పమంది.

“ఎస్,” అంది ఇషిత. “ఇ. ఎస్. హెచ్.”

అవతల ఆ పేరును ఎవరో టైప్ చేసుకుంటున్న చప్పుడు శేషమ్మకు స్పష్టంగా వినబడుతోంది. బల్ల మీద ఫారంలో సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉంది.